నూట ఎనిమిది సార్లు ఓకే

కంప్యూటరు చెబితే అబద్ధం ఉండదని జనం నమ్మిన కాలం ఒకటి ఉండేది. రెండువేల అయిదో ఆరో అయి ఉంటుంది. రైలు టికెట్టు మీద పేరు తప్పు పడితే, తమ పేరే తప్పేమోనని ఒకసారి ఇంట్లో అడిగి చూసుకునే మర్యాదస్తులు మా ఖమ్మం జిల్లాలో అప్పుడు చాలామంది ఉండేవారు. అంతమంది నమ్మకాన్ని వమ్ము చేయడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి కదా, భద్రాచలం మటుకు ఆ బాధ్యత నేను తీసుకున్నాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఎంసీఏ పూర్తయింది, ఉద్యోగం రాలేదు (ఈ రెంటికీ ఏదో సంబంధం ఉందని మా నాన్న అభిప్రాయం). బజారులో ఒక మేడ మీద గది కిరాయికి తీసుకుని, నాలుగు కంప్యూటర్లు పెట్టి, వెబ్ డిజైనింగ్ నేర్పుతానని బోర్డు రాయించాను. నాలుగింటిలో ఒకటి, ఫ్యాను ఆపితేనే పనిచేసేది. భద్రాచలంలో ఏప్రిల్ నెలలో ఫ్యాను ఆపడమంటే ఏమిటో ఆ ఊరివాళ్లకు వివరించనక్కరలేదు.

నా విద్యార్థుల్లో అందరికంటే పెద్దవారు టైపు సార్. యాభై దాటిన మనిషి. పాతికేళ్లు టైపు ఇన్‌స్టిట్యూటు నడిపి, ఇక ఆ మిషన్ల రోజులు అయిపోయాయని గ్రహించి, వాటి మీద దుప్పట్లు కప్పి, నా దగ్గర ఫీజు కట్టి చేరారు. ఇంటర్ సెలవుల్లో నేను ఆయన దగ్గరే టైపు నేర్చుకున్నాను కనుక నేను ఆయన్ని సార్ అనేవాణ్ణి. ఇప్పుడు నేను పాఠం చెబుతున్నాను కనుక ఆయన నన్ను సార్ అనేవారు. బయటివాళ్లు వింటే ఎవరు ఎవరికి చెబుతున్నారో తెలిసేది కాదు. ఒక్కోసారి నాకూ తెలిసేది కాదు. ఆయనకు రెండు నియమాలు. ఇచ్చిన హోంవర్కు ఏనాడూ మానరు. ఏ కాగితం మొదలుపెట్టినా పైన ‘శ్రీరామ’ అని రాయకుండా కింద అక్షరం పెట్టరు. కరెంటు బిల్లు కట్టిన రసీదు వెనక లెక్క వేసుకున్నా, పైన శ్రీరామ ఉండాల్సిందే.

నవమికి మా ఊరికి వచ్చే జనంలో రోజుకు పదుల కొద్దీ మనుషులు తప్పిపోతారు. వాళ్లను కలపడానికి ఒక సేవా సంఘం రెండు క్యాంపులు పెట్టేది. ఒకటి కల్యాణం జరిగే మైదానం దగ్గర, ఇంకొకటి గోదావరి ఘాటు దగ్గర. మైకు మైదానం క్యాంపులో ఉండేది, దాని గొట్టాలు దారి పొడుగునా ఘాటు దాకా కట్టి ఉండేవి. ఘాటు దగ్గర ఎవరైనా దొరికితే వాళ్లు ఫోన్ చేసి చెప్పేవారు, ఇక్కడ చీటీ మీద రాసుకుని మైకులో చదివేవారు. ఏళ్ల తరబడి ఏ లోటూ లేకుండా నడిచిన పద్ధతి. లోటు లేని పద్ధతిని చూస్తే చదువుకున్నవాడికి చేతులు ఊరుకోవు. నేను వెళ్లి, దీన్ని కంప్యూటర్లో పెడతానన్నాను. నెట్‌లో ఉచితంగా దొరికే సర్వరులో ఒక పేజీ రాయడానికి, ఇంకొకటి చూడడానికి తయారుచేశాను. ఏ క్యాంపులో వాళ్లు అయినా తప్పిపోయిన మనిషి పేరు, ఊరు, గుర్తులు టైపు చేస్తే రెండు క్యాంపుల్లోనూ కనిపిస్తుంది. పొద్దున రాసింది పైన, తర్వాత రాసింది కింద, వరసలో. ప్రతి అర నిమిషానికీ చూసే పేజీ తనంతట తానే కొత్తగా తెరుచుకుంటుంది. ఆ అర నిమిషం సంగతి చెప్పేటప్పుడు నేను కొంచెం ఆగి, ఎదుటివాళ్ల ముఖాలు చూసేవాణ్ణి.

ఆ ముఖాల్లో మైకు మామ ముఖం ఒకటి. మామ మైకు సెట్లు అద్దెకిచ్చే మనిషి, నవమికి మాత్రం ఉచితంగా ఇచ్చి, తానే కూర్చుని చీటీలు చదివేవాడు. నేను పేజీ చూపించినప్పుడు కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశాడు.

“ఇండ్ల ఏం రాస్తే గదే కనపడ్తదా?”

“అవ్ మామా. రాసింది రాసినట్టు.”

“మరి మధ్యల ఎవరు చూస్కుంటరు?”

“చూసుకునేదానికి ఏముంది మామా, కంప్యూటరు కదా.”

మామ కళ్లజోడు దించి, మైకు తీగ చుట్టుకోవడం మొదలుపెట్టాడు. దాన్ని నేను మెచ్చుకోలుగా తీసుకున్నాను.

నవమి నాడు పొద్దున్నే నేను మైదానం క్యాంపులో, టైపు సార్ ఘాటు క్యాంపులో కూర్చున్నాం. (అప్పట్లో నెట్ అంటే ఫోన్ తీగ తీసి కంప్యూటరుకు తగిలించడం. కీచుమని అరిచి కలిసేది. అది కలిసినంతసేపూ ఫోన్ పనిచేయదు. రెండు క్యాంపులూ పాతికేళ్లుగా హాయిగా మాట్లాడుకున్న ఫోన్‌ను నేను ఈ విధంగా ఆధునీకరించాను. సెల్‌ఫోన్లు కొందరి దగ్గర ఉన్నా, అంత జనంలో వాటికి సిగ్నల్ ఉండేది కాదు.) పేజీలో మొట్టమొదటి వరస టైపు సార్‌దే. తప్పిపోయినవాళ్లు ఇంకా ఎవరూ లేరు, అయినా పేరు అన్నచోట ‘శ్రీరామ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాశారు. అది ఎర్రగా, లావుగా కనిపించింది. పేరుకు అటూ ఇటూ ఆయన పెట్టిన, అక్షరాలు ఎరుపు చేసే గుర్తులు నేను క్లాసులో చెప్పినవే. పక్కవాడు రాసిన మాట నా పేజీలో దానంతట అది రంగు మార్చుకోగలిగితే, ఇంకా ఏమేం చేయగలదో అని నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. నేను మాత్రం రంగు బాగుందనుకున్నాను.

మధ్యాహ్నం దాకా అంతా సవ్యంగానే నడిచింది, తెర మీద కొత్త పేరు కనిపిస్తే క్యాంపు వాళ్లు చీటీ రాసి మామకు అందించారు. తలంబ్రాలు పడ్డాయి, నేను భోజనానికి వెళ్లాను. లైను పెద్దది, పప్పు మంచిది. తిరిగి వచ్చేసరికి మూడయింది. నా కుర్చీ పక్కన ముప్పై ఏళ్ల మనిషి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

“అన్నా, కంప్యూటర్ల చూసేది నువ్వేనా? మా అత్త పోయింది.”

‘పోయింది’ అన్న మాట విని పక్కనున్న మజ్జిగ అక్క (క్యాంపులో అందరికీ మజ్జిగ పోసే ఆవిడ) అయ్యో అంది.

“అట్ల కాదక్కా, జనంల తప్పిపోయింది. ఇల్లందు మాది. తలంబ్రాలయితుంటే నా పక్కనే ఉన్నది, చెయ్యి ఇడిసింది, మళ్ల కనపడలే. స్పెషల్ బస్సు నాలుగింటికి. డ్రైవరు ఎవరికోసం ఆగనన్నడు.”

“దొరుకుతుంది లెండి, కంగారు పడకండి” అన్నాను.

“కంగారు గాక ఏంది అన్నా. పొద్దుగాల బస్సుల ఇద్దరం గట్టిగ అనుకున్నం. కిటికీ సీటు కాడ. అందరు విన్నరు. ఇప్పుడు నేనొక్కదాన్నే బస్సెక్కి, అత్త తప్పిపోయిందంటే నమ్మేటోడు ఒక్కడుంటడా? మా ఆయన బొగ్గు బాయిల డ్యూటీలున్నడు, పైకొచ్చినంక ఆయనకేం చెప్పాలె?” అని, గొంతు తగ్గించి, “మోకాళ్ల నొప్పులన్నా ఆమెకు. ఈ ఎండల ఏడ కూలబడ్డదో” అంది.

నేను ధీమాగా కుర్చీలో కూర్చున్నాను. తెర మీద పేజీ సగమే ఉంది. మధ్యలో ఒక చిన్న డబ్బా, అందులో ‘శ్రీరామ’, దాని కింద ఓకే అన్న బటన్. ఓకే నొక్కాను. డబ్బా పోయి, ఇంకో డబ్బా వచ్చింది. శ్రీరామ. నొక్కాను. శ్రీరామ. ఆ డబ్బా ఉన్నంతసేపూ వెనకాల పేజీ కదలదు, పొద్దున రాసిన వరసలు కొన్ని పైన కనిపిస్తున్నాయి, ఆ కింద అంతా తెలుపు. పది నొక్కాను, ఇరవై నొక్కాను. చుట్టూ నలుగురు చేరారు.

“ఎన్నయినయ్ తమ్ముడూ?” అంది మజ్జిగ అక్క.

“లెక్కపెట్టలేదక్కా.”

“నేను పెడుతున్న తియ్యి. ముప్పై నాలుగు. మధ్యల ఆపకు, మంచిది కాదు.”

నలభై దాటాక, ఈ డబ్బాను ఎక్కడో చూశాననిపించింది. అరవై దగ్గర గుర్తొచ్చింది. వారం కిందట క్లాసులో, ఒకే పనిని కంప్యూటరు చేత పదిసార్లు చేయించడం ఎలాగో చెబుతూ, పిల్లలకు సరదాగా ఉంటుందని ఈ డబ్బానే పదిసార్లు తెప్పించాను. సొంతంగా ఒకటి రాసుకు రమ్మని హోంవర్కు కూడా ఇచ్చాను. ఇది ఎక్కడ ఆగుతుందో నాకప్పుడు తెలిసిపోయింది. నూట ఎనిమిదో ఓకే నొక్కగానే డబ్బా మాయమై, పేజీ పూర్తిగా కిందిదాకా తెరుచుకుంది. మజ్జిగ అక్క కళ్లకద్దుకుంది.

నేను భోజనం లైనులో ఉండగా టైపు సార్ రాసిన హోంవర్కు వరస అది. పేరు అన్నచోట ప్రోగ్రాము పెట్టారు. దాని కింద, అప్పటినుంచి తప్పిపోయినవాళ్లూ దొరికినవాళ్లూ పదిహేను మంది దాకా ఉన్నారు.

“ఇల్లందు అన్నా, అగో, ఇల్లందు అని ఉన్నది” అని ఆమె తెర మీద వేలు పెట్టింది.

చదవాల్సింది. కానీ అర నిమిషంలో పేజీ మళ్లీ తెరుచుకుంటుంది, మళ్లీ నూట ఎనిమిది మొదలవుతాయి (ఆ అర నిమిషం నేను ఎంత గర్వంగా పెట్టిందో పైన చెప్పాను). ముందు సార్ వరసను తీసేస్తే పీడ వదులుతుందని, దాని పక్కనున్న కొట్టివేత గుర్తు మీద నొక్కబోయాను. గుర్తులు ఒకదాని కింద ఒకటి ఇరుకుగా ఉన్నాయి. మౌసు కింద గుండులో మైదానం దుమ్మంతా చేరి ఉంది. నొక్కాను. ఇల్లందు వరస మాయమైంది.

“ఏదన్నా?”

“ఇప్పుడే... తీసేశాను.”

“అత్తనా?”

“పొరపాటున.”

ఆమె కుర్చీ లాక్కుని మెల్లగా కూర్చుంది. “పదేండ్ల సంది నేనే ఆ పని చెయ్యలే అన్నా” అంది.

తెర మీద డబ్బా వచ్చింది. శ్రీరామ.

ఫోన్ ఎత్తితే మోడెం కీచుమంది. తీగ పీకి ఫోన్ చేసి చూశాను. ఘాటు ఫోన్ ఎంగేజ్, అక్కడ టైపు సార్ నెట్‌లో ఉన్నారు. నడిచి వెళ్దామంటే ఆ జనంలో ఘాటుకు పోయి రావడానికి గంట పడుతుంది. గడియారంలో మూడూ ఇరవై. ఇంతలో మైకు మామ పులిహోర తిన్న చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ వచ్చాడు.

“గంటన్నర సంది నా తానికి ఒక్క పేరు రాలే. ఇంత జనంల ఒక్కలు గూడ తప్పిపోలేదంటే నాకప్పుడే అనుమానమొచ్చింది” అన్నాడు.

“మరి చెప్పొచ్చు కదా మామా.”

“కంప్యూటరు కదా, చూస్కునేదేముంది అన్నవ్ గద.”

అని, ఆమెకు ఒక చీటీ, పెన్సిలు ఇచ్చి, వివరాలు రాయమన్నాడు. ఆమె రాసింది. మామ కళ్లజోడు పెట్టుకుని, పెదాలు కదలకుండా మొత్తం చదివాడు. పెన్సిలు తీసుకుని చివరి మాట కొట్టేశాడు.

“అదెందుకు కొట్టేసినవ్ పెద్దయ్యా?”

“పేరు రాసినవ్, ఊరు రాసినవ్, ఎర్రంచు పచ్చచీర రాసినవ్. సరే. ‘నోరు జాస్తి’ అని ఎందుకు రాసినవ్ బిడ్డా?”

“గుర్తులు రాయమంటివి గద. దాన్ని బట్టే జల్దీ దొరుకుతది.”

“దొరుకుతది. దొరికినంక నీ సంగతేంది?”

ఆమె ఆలోచించి, కొట్టేసిందే మంచిదంది. మామ నా వైపు తిరిగి చెప్పాడు. “మొదట్ల నేను గూడ నీ లెక్కనే, ఏ చీటీ ఇస్తే అది సదివిన. ఒకేడు ఎవడో చీటీ ఇచ్చిండు. భోజనాలు అవతలి గుట్ట కాడ మొదలైనయ్, అందరు జల్దీ రావాలె అని. సదివిన. మైదానం సగం లేచి ఉరికింది. ఆడ గుట్టే ఉన్నది, కూడు లేదు. తర్వాత అందరు వచ్చి నన్ను పట్టుకున్నరు, చీటీ ఇచ్చినోణ్ణి కాదు. ఎందుకంటే వాళ్లు ఇన్నది చీటీని కాదు, మైకును. చీటీ ఎవనిదన్న కానీ, నోరు నాది. అందుకే లోపట సదువుకోని, పనికిరానిది కొట్టేసి, అప్పుడు పైకి సదువుత.”

తర్వాత మైకు అందుకున్నాడు. మైకు ముందు మామ భాష మారిపోయేది. “భక్తులకు విజ్ఞప్తి. ఇల్లందు నుండి విచ్చేసిన పచ్చచీర పెద్దమ్మగారు ఎక్కడ ఉన్నను దయచేసి ఆలకించవలెను. మీ కోడలు మైదానం మైకు వద్ద మీ కొరకు ఎదురుచూచుచున్నది” అని, పేరు మూడుసార్లు చదివి, ఘాటు క్యాంపులో ఉంటే అక్కడి సార్ వెంటనే పంపించవలెనని కలిపాడు. అలా నాలుగుసార్లు.

మూడూ నలభై అయిదుకు, మంచినీళ్ల డబ్బాలు మోసే రిక్షా ఒకటి జనాన్ని చీల్చుకుని వచ్చింది. డబ్బాల మధ్య పచ్చచీర.

“ఏమే, నన్ను జనంల ఇడిసిపెట్టి, మైకుల పేరు సదివిపిస్తున్నవా? భద్రాద్రంత విన్నరు.”

“నువ్వే పోయినవ్ అత్తా.”

“నేనేడ పోయిన? గంట సంది ఆ సార్ కాడ నీడకు కూసున్న. పేరు రాసుకున్నడు, నీళ్లిచ్చిండు. కంప్యూటర్ల ఎక్కిచ్చిన, అక్కడ చూస్కుంటరు, ఇప్పుడే వస్తరు అన్నడు. ఒక్కలు రాకపాయె.”

కోడలు నన్ను చూసింది. నేను కంప్యూటర్‌ను చూశాను. నన్ను తిట్టడానికి ఆమెకు అన్ని హక్కులూ ఉన్నాయి, టైము మాత్రం లేదు. అత్త రిక్షా దిగుతూ కోడలి భుజం పట్టుకుని, “తిన్నవా?” అంది. లేదంటే, కొంగులో మూటకట్టిన ప్రసాదం తీసి చేతిలో పెట్టింది. “బస్సుల తిందువు పా. కిటికీ కాడ నువ్వే కూసో.” ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని బస్సుల వైపు వెళ్లారు. ఈసారి ఎవరూ వదిలేటట్టు కనిపించలేదు. మిగతా సాయంత్రమంతా రెండు క్యాంపులూ ఫోన్‌లో మాట్లాడుకున్నాయి, మామ చీటీలు చదివాడు. నేను మజ్జిగ పోశాను.

రెండేళ్ల తర్వాత హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మొదటి నెల శిక్షణలో ఒకాయన, వెబ్ పేజీలకు జరిగే దాడుల్లో క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అనేది ఒకటుందని గంటన్నరసేపు బొమ్మలు వేసి చెప్పాడు. సైటుకు ఎవరో ఒక మాట ఇస్తారు, ఆ మాటలో ప్రోగ్రాము దాచి ఉంటుంది. సైటు దాన్ని చూసుకోకుండా తన పేజీలో కలిపి అందరికీ చూపిస్తుంది. చూసేవాళ్ల బ్రౌజరుకు ఏది సైటు రాసిందో, ఏది బయటివాడు రాసిందో తెలియదు. సైటు మీద నమ్మకంతో అన్నింటినీ నడిపేస్తుంది. దుర్మార్గుడైతే, మనం లోపలికి వచ్చినందుకు సైటు మన బ్రౌజరులో పెట్టిన రహస్య గుర్తును కాజేసి, మన పేరుతో తానే లోపలికి రాగలడు. మందు ఏమిటంటే, బయటినుంచి వచ్చిన మాటను చూపించేముందు అందులోని గుర్తులను మార్చి, అవి ఆజ్ఞలుగా కాక వట్టి అక్షరాలుగా కనిపించేలా చేయడం. అప్పుడు బ్రౌజరు వాటిని చూపిస్తుందే తప్ప, వాటి మాట వినదు. అందరూ రాసుకుంటున్నారు. నేను రాసుకోలేదు. ఇదంతా మామ నాకు ఒక పెన్సిలుతో, రెండు నిమిషాల్లో, మధ్యలో చెయ్యి తుడుచుకుంటూ చెప్పాడు. టైపు సార్ దుర్మార్గులై ఉంటే నా పేజీ తాళంచెవి ఆ మధ్యాహ్నమే ఘాటుకు చేరి ఉండేదని మాత్రం ఆ గదిలో కూర్చున్నాకే తెలిసి, ఏసీలో కాస్త చెమట పట్టింది. “ఇలాంటిది ఎవరైనా ఎప్పుడైనా ఎదుర్కొన్నారా?” అని ఆయన అడిగితే, నేను నా చెప్పుల వైపు చూశాను.

మళ్లీ ఆ ఏటికి వస్తే, నవమి మర్నాడు టైపు సార్ వేళకు క్లాసుకు వచ్చారు. వచ్చేముందు ఆయనకు ఏం చెప్పాలో నేను గట్టిగానే అనుకుని ఉన్నాను. ఆయన నోటుబుక్కు తెరిచి, పైన శ్రీరామ, కింద చక్కటి దస్తూరితో ఆ ప్రోగ్రాము చూపించి, భయం భయంగా అడిగారు.

“నడిచిందా సార్?”

“నడిచింది సార్.”

“మొత్తం నూటెనిమిది వచ్చినయా? నేను ఎంటర్ కొట్టినంక మా దగ్గర చూసే పేజీ మళ్ల తెరవలే, రాసే పేజీల రాసుడే సరిపోయింది. కింద మీద పడి రాసిన, ఒకటి తక్కువ పడ్డదేమో అని రాత్రంత అదే ఆలోచన.”

“సరిగ్గా నూటెనిమిది. మజ్జిగక్క లెక్కపెట్టింది.”

ఆయన ముఖం వెలిగింది. “అందరు ఓకే అన్నరా సార్?”

“అన్నరు సార్” అన్నాను. “వేరే బటన్ లేదు.”

నోటుబుక్కు మీద ‘బాగున్నది’ అని రాసి సంతకం పెట్టాను. నిజంగానే బాగుంది, ఒక్క అక్షరం తప్పు లేదు. తప్పున్నది నా పేజీలో. అది సరిచేయడానికి ఒక్క వరస చాలింది, కానీ ఆ వరస రాసేనాటికి నవమి అయిపోయింది. ఇప్పుడు కంపెనీలో కొత్తగా చేరిన కుర్రాళ్లు రాసిన పేజీలు చూసి పెట్టడం నా పని. ఎవరైనా “రాసింది రాసినట్టు చూపిస్తుంది సార్” అని గర్వంగా అంటే కోపం రాదు. మైదానంలో, చుట్టూ జనం, పక్కన అత్తను పోగొట్టుకున్న మనిషి, చెమట కారుతూ బటన్ నొక్కుతున్న ఇరవై మూడేళ్లవాడు గుర్తొస్తాడు. వాణ్ణి మందలించాలని కూడా ఇప్పుడు అనిపించదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నువ్వు కాస్త మజ్జిగ తాగి రారా, యాభై నాలుగు నేను నొక్కుతాను అనాలనిపిస్తుంది.